పిల్లల తాళం

"లాకు తియ్యండి అక్కా, మీకు దణ్ణం పెడతాను!"

నాగదుర్గ గుమ్మంలో నిలబడి అరిచింది. దణ్ణం మాటలో ఉందే గాని గొంతులో లేదు.

సీతారత్నం మంచం మీంచి కదల్లేదు. రిమోటు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కొంగు కప్పుకుని కూర్చుంది. ఎదురుగా టీవీలో నల్లటి తెర, మధ్యలో తాళంకప్ప బొమ్మ, దాని కింద అంకెలు నొక్కడానికి నాలుగు ఖాళీ గళ్ళు.

మామిడికుదురులో ఆ ఇంటిని అన్నదమ్ములిద్దరూ మధ్యగోడ కట్టి పంచుకున్నారు గాని డిష్షు ఒక్కటే, బాక్సు ఒక్కటే. మస్కట్ నుంచి పెద్దాయన పంపిన డబ్బుతో పెట్టించింది కాబట్టి బాక్సు ఆయన భార్య సీతారత్నం వాటాలో ఉంది. గోడకి కన్నం పెట్టి లాగిన వైరు తోటికోడలు నాగదుర్గ టీవీకి వెళ్తుంది. ఇక్కడ ఏ ఛానల్ పెడితే అక్కడా అదే. ఇక్కడ తాళం పడితే అక్కడా తాళమే.

"నన్నేం చెయ్యమంటావే? ఈ ఛానల్లో పిల్లలు చూడకూడనివి వస్తున్నాయంట. పేపర్లో రాసేరు. అందుకే వేసేను," అంది సీతారత్నం తాపీగా.

"మా దివ్య పాట పిల్లలు చూడకూడనిదా అండీ?"

"ఏమో, నాకేం తెలుసు? అమలాపురం మేష్టారు ఏం నేర్పేరో ఏంటో."

అసలు పుండు అక్కడుంది. దివ్యకి మాటలు సరిగ్గా రాకముందే ఒళ్ళో కూర్చోబెట్టుకుని హార్మోనియం మీద సరిగమలు పలికించింది సీతారత్నం. హైదరాబాదు టీవీ వాళ్ళ దగ్గర్నుంచి పిలుపు రాగానే నాగదుర్గ మాత్రం నిన్నగాక మొన్న చేర్పించిన అమలాపురం మేష్టారి పేరు వీధి వీధంతా చాటింది. తోటికోడలి పేరు పొరపాటున కూడా ఎత్తలేదు. తండ్రి రాజేంద్రతో కలిసి పిల్ల బస్సెక్కిన నాడే సీతారత్నం ఆ ఛానల్‌కి తాళం వేసి పెట్టుకుంది.

"రికార్డింగు కాదక్కా, లైవు. ఇప్పుడు పోతే మళ్ళీ రాదండి. వీధిలో వాళ్ళందర్నీ పిలిచేను. చాపలేసుకుని కూర్చున్నారు. నా పరువు తియ్యకండి."

సీతారత్నం చెయ్యి కొంగు కిందికి వెళ్ళింది. వేలు అంకెల్ని తడిమింది కూడా. పిల్లని టీవీలో చూడాలని ఆవిడకి మాత్రం ఉండదా? ఇంకొక్క మాట మెత్తగా అడిగితే తీసేసేదే.

నాగదుర్గకి ఆ ఒక్క నిమిషం ఓపిక లేకపోయింది.

"అయినా పిల్లల్లేని కొంపకి పిల్లల తాళం ఎందుకండీ!"

మాట జారింది. జారాక నాగదుర్గే నోటి మీద చెయ్యి వేసుకుంది. గోడకవతల చాపల మీద గుసగుసలు ఆగిపోయాయి.

సీతారత్నం లేచింది. రిమోటు బీరువాలో పడేసి తలుపు ధడాలున వేసింది.

"పో బయటికి. ఈ తాళం నేను చచ్చేకే తీస్తారు. పో!"

"పోతానండి! మరిడమ్మగారింట్లో చూసుకుంటాం. ఆవిడ సెల్లులోంచి మీ మరిదిగారికి ఇప్పుడే చెప్తాను. ఆయనే మీకు ఫోన్ చేస్తారు, ఆయనతో చెప్పుకోండి మీ తాళం సంగతి!"

"చెయ్యమను! అతనికీ పెడతాను గడ్డి!"

జనం చాపలు చంకన పెట్టుకుని ఎదురింటికి తరలిపోయారు. మరిడమ్మ తన టీవీకి ఉన్న గొంతంతా పెట్టేసింది. సీతారత్నం వంటింట్లోకి వెళ్ళినా వదల్లేదు. "ఇప్పుడు మన ముందుకి వస్తున్న చిన్నారి, కోనసీమ నుంచి..." అంటున్న యాంకరమ్మ మాట, చప్పట్లు అక్కడికీ వచ్చాయి.

పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కల కోసం నానబోసిన మినప్పప్పు గ్రైండర్లో కుమ్మరించి స్విచ్చి వేసింది. ఆ రొదలో ఇక ఏ పాటా వినబడదు. పప్పు నలిగింది, వెన్నలా అయింది, అయినా ఆపలేదు. పిల్లల్లేని కొంప అన్న మాట మాత్రం గ్రైండర్ని మించి చెవుల్లో తిరుగుతూనే ఉంది. ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపం వచ్చింది.

ముందు గదిలో ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది.

"అన్నంత పనీ చేసిందన్నమాట మొగుడితో చెప్పి," అనుకుంది. గ్రైండర్ ఆపి, పిండి చేత్తోనే వెళ్ళి రిసీవరెత్తింది. అవతలివాళ్ళని హలో అననివ్వలేదు.

"నేను చచ్చినా తియ్యను! ఆ పిల్ల పాట నాకేం వినక్కర్లేదు. అదెవరు, నేనెవరు? దానికీ నాకూ ఏ సంబంధం లేదు. ఇంకోసారి ఫోన్ చేసేరంటే మర్యాద దక్కదు!"

ఠపీమని పెట్టేసింది. కడుపులో మంట కాస్త చల్లారినట్టనిపించింది.

గ్రైండర్ ఆగిన ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలోకి, మరిడమ్మ టీవీలోంచి, ఎవరో ఆడమనిషి గొంతు వీధంతా మారుమోగేలా వచ్చింది.

"...ఏ సంబంధం లేదు. ఇంకోసారి ఫోన్ చేసేరంటే మర్యాద దక్కదు!"

అది ఇప్పుడే ఫోన్లో అరిచిన తన గొంతేనని తెలిసి సీతారత్నం పిండి చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. వెనకాలే యాంకరమ్మ కంగారు నవ్వు వినబడింది.

"ఏడవకు దివ్యా... మీ గురువుగారు, మీ దొడ్డమ్మగారు, ఏదో పనిలో ఉన్నట్టున్నారు. ఆవిడ దీవెన తరవాత తీసుకుందువుగాని, పాడమ్మా."