కాకి ఎంగిలి

ఇప్పుడు బడిలో పాఠాలన్నీ మాట్లాడే ఏఐ గోడే చెబుతుంది. మూడో తరగతి ఇందుజ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆ రోజు కబుర్లు అమ్మకు చెబుతోంది.

“రిజ్వానా నాతో కటీఫ్ కదమ్మా. నా దగ్గరేమో ఒక్కటే జామకాయ. ఇద్దరం ఎలా తినాలని లెక్కల పీరియడ్‌లో గోడ టీచర్‌ని అడిగితే చెరి సగం చెయ్యమంది. బడిలో కత్తి ఎక్కడిదీ? సైన్సులో అడిగితే ఎంగిలి పెట్టొద్దంది. ఇక తెలుగులో నేనే లేచి, ‘గౌను అడ్డం పెట్టి కొరికితే కాకి ఎంగిలి టీచర్, తినొచ్చు’ అన్నా.”

“ఏమంది?”

“‘నాకిది తెలియదమ్మా, ఎలాగో చూపించు’ అంది! ఎంత మంచి టీచరో! కొరికి చూపించా.”

“మరి రిజ్వానా?”

“తన సగం లాక్కుని తినేసి, ‘ఛీ, అంతా నీ గౌను సబ్బు వాసనే’ అని తిట్టింది. తిట్టిందంటే మాట్లాడినట్టేగా అమ్మా!”