ఒక్క ఫైలు తప్ప

లాయర్ గారి కంప్యూటర్లో ఏ ఫైలు తెరిచినా తెర బిగుసుకుపోతోంది. మౌస్ కదలదు, అక్షరం పడదు. లాయర్ గారు తనకు తెలిసిన వైద్యమంతా చేశారు. అంటే, ఆపి మళ్ళీ వేశారు. మానిటర్ నెత్తిన రెండు తగిలించారు. చివరికి టైపిస్టమ్మని తిట్టారు. రోగం కుదరలేదు.

“ఆ కంప్యూటర్‌ని పిలువమ్మా,” అన్నారు.

కంప్యూటర్ అంటే మనిషే. ఏళ్ళ తరబడి ఆ ఆఫీసులో యంత్రాలు బాగుచేస్తున్న మెకానిక్. అతనికి కూడా ఒక పేరుంటుందన్న అనుమానం లాయర్ గారికి ఏనాడూ రాలేదు. ఫోన్లో కూడా అలాగే రాసిపెట్టుకున్నారు.

అతను వచ్చాడు. మాటల్లో మహా పిసినారి. కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపు అటూ ఇటూ నొక్కి తేల్చేశాడు.

“ఫైలు తెరిచినప్పుడల్లా ఈ ప్రోగ్రాం పాత ప్రింటర్‌ని పలకరిస్తోంది సార్. దాన్ని మీరు పారేశారు కదా. అటునుంచి జవాబు రాదు. ఇది ఎదురుచూస్తూ కూర్చుండిపోతోంది.”

“దీనికి బుద్ధుందా? పలకనివాళ్ళ కోసం ఎవరైనా కూర్చుంటారా?”

అతను పాత ప్రింటర్ పేరు తీసేశాడు. ఫైళ్ళన్నీ బుద్ధిగా తెరుచుకున్నాయి. గట్టు తగాదా, అద్దె తగాదా, అన్నదమ్ముల తగాదా. లాయర్ గారి ముఖం వికసించింది.

“ఇప్పుడు అసలుది చూడు. నిన్న టైపు చేసిన విడాకుల పిటిషన్,” అంటూ ఆయన కళ్ళజోడు వెతుక్కున్నారు. అది దొరికేసరికి తెర మళ్ళీ బిగుసుకుపోయి ఉంది.

“ఇది బాగా చెడింది సార్. టైం పడుతుంది,” అన్నాడు అతను.

“పోనీ మళ్ళీ టైపు చేస్తానండీ. మీరు చెప్పండి,” అంది టైపిస్టమ్మ.

లాయర్ గారు ఆమెను జాలిగా చూశారు. “ఆ భాష మళ్ళీ వస్తుందా? అది చదివితే జడ్జి గారే పెళ్ళి మీద విరక్తి పుట్టి ఇంటికి పోరు.”

“అంత ఏముంది సార్ అందులో?” అడిగాడు అతను.

క్లయింట్ల రహస్యాలు ప్రాణం పోయినా బయటపెట్టనని లాయర్ గారి ప్రతిజ్ఞ. కాబట్టి పేర్లు మాత్రం మింగేసి, మిగతాదంతా చెప్పేశారు.

“మొగుడు తాగడు, కొట్టడు. మాట్లాడడు, అంతే. ఊళ్ళోవాళ్ళ కష్టాలన్నీ వింటాడట, ఆవిడ నోరు తెరిస్తే మాత్రం చెవుడు. జ్వరంతో ఆవిడ మూలుగుతుంటే వచ్చి, చార్జర్ ఎక్కడుందని అడిగాడట.”

“చార్జర్ సంగతి కూడా రాశారా?”

“రాయకేం? పేజీ నిండా అదే.”

“ఇంకా?”

“నీకెందుకయ్యా ఇవన్నీ?”

“ఎక్కడ చెడిందో తెలిస్తేనే కదా సార్, బాగుచేసేది.”

లాయర్ గారికి అందులో న్యాయం కనిపించింది. మిగతాది కూడా చెప్పారు. అతను తల వంచుకుని విన్నాడు.

ఆ తర్వాత అతను రోజూ వచ్చాడు. పెట్టె విప్పాడు, దుమ్ము దులిపాడు, ప్రోగ్రాం తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఊరందరి పిటిషన్లూ తెరుచుకుంటున్నాయి, అదొక్కటి తప్ప. పైగా పొద్దు వాలితే చాలు, సంచీ సర్దుకుని లేచిపోతున్నాడు.

“ఇదివరకు తాళం వేస్తామని బెదిరిస్తేగాని కదిలేవాడు కాదు. ఇప్పుడు చూడండి ఒళ్ళు ఎంత బరువెక్కిందో,” అంది టైపిస్టమ్మ.

“పనితనం తగ్గినకొద్దీ ఇంటి మీద ప్రేమ పెరుగుతుందమ్మా,” అన్నారు లాయర్ గారు, ఆ వాక్యం తనకే నచ్చి.

చివరికి సంతకం పెట్టాల్సిన క్లయింటు రానే వచ్చింది. లాయర్ గారు ఆవిడకు కుర్చీ చూపించి, ముఖాన విచారం పులుముకున్నారు.

“మీ పిటిషన్ ఇంకా తెరుచుకోలేదమ్మా. తప్పు నాది కాదు. ఇదిగో, ఈ బల్ల కింద దూరిన పెద్దమనిషిది. చేతకాదని ఒప్పుకోడు, వదిలిపెట్టి పోడు.”

ఆవిడ వంగి చూసింది. బల్ల కింద అతను వైరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆవిడ గొంతు లేస్తుందేమోనని టైపిస్టమ్మ ముందు జాగ్రత్తగా తలుపు వేసింది.

“చేతకాక కాదు లెండి లాయర్ గారూ,” అందావిడ నవ్వు ఆపుకుంటూ, “మా ఆయన చేతిలో పడ్డ పని ఇన్నాళ్ళు నానడం ఇదే మొదటిసారి.”