గడప దాటినవాళ్ల లెక్క

"ఏం పెద్దాయనా, ఇదేమన్నా గొర్రెల దొడ్డా? లోపలికీ బయటికీ ఒకటే తిరుగుడు!"

నోరీన్ కసిరింది. యర్రాబిన్ ఊరి లైబ్రరీకి తాళం తీసేదీ ఆమే, ఊడ్చేదీ ఆమే.

క్లారీ టోపీ తీసి నవ్వాడు. బతుకంతా గొర్రెల ఉన్ని కత్తిరించినవాడు. ఎన్ని స్నానాలు చేసినా ఆ వాసన వదల్లేదు.

"కాళ్లు పట్టేస్తున్నాయమ్మా. నాలుగడుగులేస్తే సర్దుకుంటాయి."

"పొద్దుట్నుంచి ఇది ఎన్నోసారి?"

"నాకేం తెలుసు? లెక్కకి ఆ మిషనుందిగా!"

గుమ్మం పక్కన, వచ్చేవాళ్లని లెక్కపెట్టే మిషను టిక్కుమంది. దాని లెక్క నేరుగా నగరంలోని కౌన్సిల్‌కి పోతుంది.

రోజుకు నలభై మందైనా గడప దాటకపోతే లైబ్రరీ మూసేస్తామని కౌన్సిల్ వాళ్లు ఎప్పుడో చెప్పారు.

అప్పట్లో ఓ మంగళవారం పిల్లలకు కథలు చదివి వినిపిస్తూ నోరీన్ ఆ మాటే చెప్పింది. "మీ అమ్మానాన్నల్ని లాక్కురండర్రా" అని బతిమాలింది.

వెనక బెంచీ మీద క్లారీ కూడా విన్నాడు. ఒక్క పుస్తకం ఇంటికి తీసుకెళ్లడు గానీ, కథల రోజు మాత్రం తప్పడు.

అదృష్టం, ఆ తర్వాత రోజువారీ లెక్క నలభై దాటుతూనే ఉంది.

జూన్‌లో గ్రేమ్ దిగాడు. కౌన్సిల్‌లో నాణ్యత చూసే ఆఫీసరు.

"జనం బాగానే వస్తున్నారు. నాణ్యతే లేదు. అయిదుకి రెండు స్టార్లేంటి? ఫిర్యాదులన్నీ ఆ ముసలాయన మీదే. ఆయన్ని ఆపండి, స్టార్లు వాటంతటవే వస్తాయి."

నోరీన్ స్టార్లిచ్చే అభిప్రాయాల ఫారం తీసుకుని క్లారీ దగ్గరికెళ్లింది.

"కనీసం నువ్వైనా మంచిగా రాయి."

"కళ్లద్దాలు ఇంట్లో ఉండిపోయాయమ్మా."

ఆమెకి ఒళ్లు మండింది.

"రేపట్నుంచి ఇటు రాకు."

"మంగళవారం కూడానా?"

"ఏ వారమూ వద్దు!"

"నేను రాకపోతే నీకే కష్టమేమో తల్లీ..."

"నాకేం కష్టం? హాయిగా ఊపిరి తీసుకుంటా."

క్లారీ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడు నెలల్లో అయిదు స్టార్లు వచ్చాయి.

ఒకే కవర్లో రెండు కాగితాలొచ్చాయి. ఒకటి ప్రశంసాపత్రం. రెండోది లైబ్రరీ మూసేయమని ఉత్తర్వు.

నోరీన్ కౌన్సిల్‌కి ఫోన్ చేసింది.

"మీ మిషను పాడైంది! నా దగ్గరికొచ్చేవాళ్లు ఒక్కరూ మానలేదు!"

"మిషను బాగానే ఉందండీ. జూన్ నాలుగు దాకా రోజుకు నలభై మూడు. అయిదు నుంచి పదకొండు."

జూన్ నాలుగు. క్లారీని పొమ్మన్న రోజు.

ఫోన్ పెట్టేసి గుమ్మం పక్కన మిషను వైపు చూసింది.

ఆఖరి రోజు, మూసేస్తున్నట్టు తలుపుకి నోటీసు అంటిస్తుంటే వెనక అలికిడైంది.

క్లారీ. గడప బయటే ఆగాడు.

"కథల రోజు మారిందా అమ్మా? ఏం రాశావు అందులో?"

అద్దాలు ఆయన ముక్కు మీదే ఉన్నాయి.

రోజూ ఆ గడప దాటిన ముప్పై రెండు మంది పాఠకులూ, అక్షరం ముక్క రాని ఈ ఒక్క మనిషే.