రాళ్ల బాణం

కొండల్లో నడక మొదలుపెట్టి అది పంతొమ్మిదో రోజు. పొద్దెక్కేసరికి కొండ మీది మంచు నీరై, దారి పొడవునా కారుతోంది.

బామ్మర్ది ఉన్ని కోటు విప్పి బండ మీద పడేశాడు.

"ఇంక మొయ్యలేను బావా. గాడిదకైనా మధ్యలో ఓసారి బరువు దించుతారు."

"మీ అక్కకి తెలిస్తే నా తోలు తీస్తుంది."

బావ బస్సు డ్రైవరు. సెలవు పెట్టి మరీ వచ్చాడు. బయల్దేరేటప్పుడు గుమ్మంలో భార్య అన్న మాట అతనికి గుర్తుంది. "వాడికి చలి పడదు, ఛాతీ పట్టేస్తుంది. ఎలా తీసుకెళ్తున్నారో అలాగే తెచ్చి నాకు అప్పజెప్పండి."

"ఈ ఎండలో కోటు తొడుక్కుని నడిచానంటే మా అక్కే నవ్వుతుంది" అన్నాడు బామ్మర్ది.

ఎండ నిజంగానే వీపు కాలుస్తోంది. బావ కూడా తన కోటు విప్పి దాని పక్కన పడేశాడు. ఇద్దరి వీపులూ హాయిగా తేలికపడ్డాయి.

"ఉంచుకోండి నాయనా" అన్నారెవరో వెనకనుంచి.

ఒక ముసలాయన. మోకాళ్ల దాకా బురద. వీపున తనకంటే పెద్ద సంచి.

"ఈ కాలపు ఎండ కొత్తల్లుడి మర్యాద లాంటిది. సాయంత్రం దాకా నిలవదు."

"అంత బెంగైతే నువ్వే తీసుకో తాతా. వచ్చిన కాడికి అమ్ముకో."

ముసలాయన రెండు కోట్లూ దులిపి, మడతపెట్టి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి సంచిలో సర్దుకున్నాడు.

"చూశావా బావా, మొహమాటానికైనా వద్దనలేదు."

అక్కణ్ణుంచి ఆయన వాళ్ల వెనకే నడిచాడు. వాళ్లు ఆగితే ఆగాడు. లేస్తే లేచాడు.

మధ్యాహ్నం వాళ్లు రొట్టె తింటుంటే, కాస్త దూరంలో రాయి మీద కూర్చుని సూదీ దారంతో ఏదో కుడుతున్నాడు.

"నా కోటు చెయ్యి చిరిగింది కదా, అదే. బాగు చేసి అమ్ముతాడు కాబోలు" అన్నాడు బామ్మర్ది.

"పోనీలేరా."

"రాబందు బావా. ఇంకేం పారేస్తామా అని కాచుకునున్నాడు. నాకు ముద్ద దిగట్లేదు."

మరో గంట నడిచాక దారి రెండుగా చీలింది. కుడిది కొండ మీది రాతి గుడిసెకు పోతుంది. ఎడమది వాగులోకి దిగే పాత దారి. మంచు కరిగి వాగు పొంగే కాలం కనుక ఎవరో దానికి అడ్డంగా కర్ర కట్టారు.

ఇలాంటి చోట ముందు వెళ్లేవాళ్లు నేల మీద రాళ్లతో బాణం పేర్చి, తాము ఎటు వెళ్లారో చూపాలి. వెనక వచ్చేవాళ్లు దాన్ని నమ్ముతారు. నడిచేవాళ్లలో అది ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. పంతొమ్మిది రోజులుగా వీళ్లూ అలాగే పేరుస్తూ వచ్చారు.

బామ్మర్ది బాణాన్ని ఎడమవైపుకు పేర్చాడు. కర్ర కూడా ఓ పక్కకి లాగాడు.

"ఒరేయ్, తప్పురా."

"వాగు దాకా వెళ్లి తిరిగొస్తాడులే. అరగంట పీడ వదులుతుంది."

బావ వెనక్కి చూశాడు. ముసలాయన ఇంకా మలుపు తిరగలేదు. బావకు నవ్వొచ్చింది. నవ్వాక ఇంక కాదనలేకపోయాడు.

ఇద్దరూ కుడివైపు నడిచారు.

మూడింటికి గాలి మారింది. నాలుగింటికి ఎండ పోయింది. గుడిసె చేరేలోపు వాన పట్టుకుంది. చేరాక ఆ వానే మంచయింది.

గుడిసెకు కప్పు ఉంది, తలుపు లేదు. దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. పుల్లలు అంటుకోలేదు. అగ్గిపెట్టె ఖాళీ అయింది.

బామ్మర్ది పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"బావా, తాత వస్తాడు కదూ? మన కోట్లు ఆయన దగ్గరే ఉన్నాయి."

"వస్తాడు."

"పొద్దుటి నుంచీ వెనకే ఉన్నాడు. ఎందుకు రాడు?"

బావ గుమ్మంలో నిలబడి దారి చూశాడు. బాణం మాట ఇద్దరూ ఎత్తలేదు.

"ఇప్పుడు కనపడితే కాళ్ల మీద పడతాను బావా." కాసేపాగి, "ఎందుకు నవ్వుతున్నావ్?" అన్నాడు బామ్మర్ది.

బావ నవ్వలేదు.

ఆ తర్వాత వాడు మాట్లాడలేదు. బావ తన చొక్కా కూడా విప్పి వాడికి చుట్టి, వీపు రుద్దుతూ కూర్చున్నాడు.

తెల్లారాక కింద నుంచి ఇద్దరు ఫారెస్టు గార్డులు వచ్చారు. బామ్మర్దికి ఊపిరి ఉంది. పిలిస్తే పలకడం లేదు. చిన్న గార్డు వాడి బూట్లు విప్పి, నల్లబారిన పాదాలు చూసి, కంబళి కప్పేశాడు.

పెద్ద గార్డు భుజాన ముసలాయన సంచి ఉంది.

"ఇది వాగు ఒడ్డున కొమ్మకు తగిలించి ఉంది. చెట్టు కింది బురదలో దిగబడ్డ అడుగులు నీళ్లలోకి వెళ్లాయి. బయటికి రాలేదు."

సంచి విప్పి రెండు కోట్లు తీశాడు. చుక్క తడి లేదు. బామ్మర్ది కోటు చెయ్యికి కుట్లు పడి ఉన్నాయి. బడికెళ్లే పిల్లవాడి చొక్కాకు కుట్టినట్టు, సన్నగా, దగ్గరదగ్గరగా.

బావ ఆ కుట్లను వేలితో తడిమాడు.

"బాణం అటు పెట్టింది మేమేనండీ. ఆటకి. పాపం, తాత మోసపోయాడు."

పెద్ద గార్డు సంచి మూతి కట్టేశాడు.

"మోసపోవడమా? అక్కడ అడ్డకర్ర కట్టింది ఆయనే. బాణం చూసి, మీరిద్దరూ వాగులో పడ్డారనుకుని దిగుంటాడు" అన్నాడు. "ఈ కొండ మీద రాయి రాయీ పరిచి, ఈ దారి వేసిందే ఆయన."