నీకూ వినిపించిందా?

“రేపట్నించి పనిలోకి రావద్దు,” అన్నాడు బైండింగు షాపు ఓనరు. అన్నకు స్కిజోఫ్రీనియా అని ఆయనకు ఆ పొద్దున్నే తెలిసింది.

అన్న పుస్తకం కుట్టే సూది కింద పెట్టి, పక్క బల్ల దగ్గరున్న నావైపు తిరిగాడు.

“తమ్ముడూ, ఇప్పుడో గొంతు వినిపించింది. నీకూ వినిపించిందా?”

ఇది అన్న పద్ధతి. లేని గొంతులు వినిపించడం తన జబ్బని అతనికి తెలుసు. అందుకే అనుమానం వచ్చినప్పుడల్లా మెల్లగా నన్నడుగుతాడు. నేను లేదంటే మళ్లీ సూది అందుకుంటాడు. ఆ పద్ధతితోనే ఏడాదిగా ఒక్క పేజీల ఫారం కూడా తారుమారు కాకుండా పుస్తకాలు కుడుతున్నాడు.

పనిలో తప్పు లేదు, జబ్బు పేరు చెప్పి గెంటేస్తాడా? నాకు ఒళ్లు మండింది. ఓనరు మొహంలోకి చూస్తూ గట్టిగా అన్నాను.

“లేదన్నా. నాకేం వినిపించలేదు.”

అన్న తలూపి కుట్టుకోసాగాడు. ఓనరు “వీడికీ ఉన్నట్టుంది” అని గొణుక్కుంటూ లోపలికి పోయాడు. నేను గెలిచాననుకున్నాను.

సాయంత్రం అన్న సైకిలు తాళం తీస్తూ చెప్పాడు.

“ఓనరు పెదాలు కదలడం చూశాను. నా గొంతులకు పెదాలుండవు. రేపు ఆయనతో నేనే మాట్లాడుకుంటాను.”

“మంచిదేగా అన్నా! మరి అలా దిగులుగా ఉన్నావేం?”

“ఏడాదిగా నువ్వు ‘లేదన్నా’ అన్నవన్నీ ఇప్పుడు ఎవర్నడిగి సరిచూసుకోవాలి, తమ్ముడూ?”