ముప్పై మూడు సెకన్లు తిన్న బూట్లు

జ్యోతిక బూట్ల జతను తెచ్చి గల్లాపెట్టె మీద దబ్బున పడేసింది.

"తీసుకో అంకుల్ నీ బూట్లు. నా నౌకరి మింగినయ్ ఇవి."

మల్లికార్జునరావు ఉలిక్కిపడి లేచాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా బూట్లమ్ముకునే బతుకుతున్నాడు గానీ, ఆ బూట్లే గల్లాపెట్టె మీదికెక్కితే మాత్రం ఆయనకు ఒళ్లు మండుతుంది. "ముందు అవి కింద పెట్టమ్మా! లక్ష్మీదేవి ఉండే చోటు. తొడుక్కున్న బూట్లు తెచ్చి దాని మీద పెడతారా ఎవరైనా?"

"గల్లా మీద పెడితేనే నీకు గింత కోపమొస్తున్నదా? తొమ్మిది రోజుల్ల నాకు పరుగు పరీక్ష ఉన్నది. మరి నాకెంత రావాలె?"

వెనకాలే వచ్చిన జానయ్య గబగబా బూట్లు తీసి నేల మీద పెట్టాడు. ఎల్బీనగర్‌లో ఆటో నడుపుతాడాయన. పొద్దుటి కిరాయిలన్నీ వదులుకుని, ఏమాత్రం ఇష్టం లేకుండా కూతురి వెంట వచ్చాడు. "పోనియ్ బిడ్డా, ఇంటికి పోదాం పా" అని దారి పొడుగునా బతిమాలుతూనే ఉన్నాడు. బూట్లూ మెత్తనివే, నాయనా మెత్తనివాడే, రెంటికి రెండూ సరిపోయాయని జ్యోతిక పళ్లు కొరికింది.

ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆడపిల్లలు ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో పరుగెత్తాలి. ఒక్క సెకను దాటినా ఇంటికి పంపేస్తారు. నిన్న చైతన్యపురిలో ఆమె చదివే కోచింగ్ సెంటర్ వాళ్లు మాదిరి పరుగు పెట్టారు. కొత్త బూట్లు వేసుకుని పరుగెత్తితే ఐదు నిమిషాల నలభై ఒక్క సెకన్లు పట్టింది. వందమంది చూస్తుండగా సారు పాసయ్యేవాళ్ల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశాడు.

"పాత బూట్లతోని రోజూ ఐదు ఎనిమిదికి ఉరికేదాన్ని అంకుల్. సరూర్‌నగర్ గ్రౌండ్‌ల, రెండు రౌండ్లు. మూడు వారాల సంది ఒక్కరోజు తప్పలే. నిన్న తొలిసారి ఇవి తొడిగి ఉరికితే ఐదు నలభై ఒకటి! నాయనా, ఫోన్‌ల ఉన్నయ్ గదా టైములు, చూపియ్!"

జానయ్య జేబులో చెయ్యి పెట్టి, ఉత్త చేత్తోనే బయటికి తీశాడు. "చార్జింగ్ లేదు బిడ్డా."

మల్లికార్జునరావు ఒక బూటు తీసి అడుగుభాగాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. అరంగుళం లోపలికి దిగింది. "అమ్మాయికి మోకాళ్ల నొప్పులున్నాయి, పరుగు వేగం కూడా పెరగాలి అని మీ నాన్నగారే ఏరికోరి తీసుకున్నారమ్మా. ఇంత మందం సోలుంటే కాలికి హాయిగా ఉంటుంది."

"హాయా? పరుపు మీద ఉరికినట్టున్నది! అడుగు లోపలికి దిగుతది, మల్ల లేపుకోనికే సగం బలం పోతది. మలుపుల కాడ పాదం పక్కకు ఒరుగుతున్నది. పైనుంచి ఒక నంబర్ పెద్దది అంటగట్టినవ్, మడమ లోపల్నే జారుతున్నది."

"పరిగెత్తితే పాదం ఉబ్బుతుంది, ముందు వేలెడు చోటుండాలి. లేసులు బిగించి కట్టుకోవాలి. ఇలాంటివి అలవాటు కావాలంటే రెండు వారాలన్నా పడుతుంది. మొదటి రోజే పోటీకి తొడుక్కోమని ఎవడు చెప్పాడు?"

"గా ముచ్చట గప్పుడు చెప్పినవా?"

"చెప్పాను. మీ నాన్నగారు తలూపారు."

జ్యోతిక తండ్రి వైపు గుడ్లురిమింది. జానయ్య తల వంచుకున్నాడు. లోపల చెప్పులు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు బేరం వదిలేసి ఈ తగాదా చూడసాగారు. దాంతో మల్లికార్జునరావుకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, ఈ బూట్ల వల్ల రెండు సెకన్లు పోయాయంటే ఒప్పుకుంటాను. అలవాటు లేదు కాబట్టి ఐదారు పోయాయన్నా ఒప్పుకుంటాను. ముప్పై మూడు సెకన్లా? కాళ్లకి ఇటుకలు కట్టుకుని పరిగెత్తావా ఏంటి? నా సరుకు మీద నింద వేస్తే ఊరుకునేది లేదు."

"అంటే, నేను అబద్ధమాడుతున్ననా?"

"తేల్చేసుకుందాం. రేపు పొద్దున్నే ఆరింటికి నేనే గ్రౌండ్‌కి వస్తాను. నీ పాత బూట్లే వేసుకో. టైము నేను చూస్తాను. ఐదు ఇరవై లోపు వచ్చావనుకో, ఈ జత వెనక్కి తీసుకుని నా షాపులో నీకు నచ్చింది ఇచ్చేస్తాను. ఇంతమంది ముందు చెబుతున్నా!"

"రా అంకుల్! ఐదు ఎనిమిది కాదు, ఐదుకే ఉరికి చూపిస్త. గప్పుడు నీ ముఖం ఏడ పెట్టుకుంటవో నేనూ చూస్త."

"వద్దు సార్."

ఆ మాటన్నది జానయ్య. రెండు చేతులూ జోడించి మల్లికార్జునరావుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "తప్పు మాదే సార్. బూట్లు మేమే తీస్కపోతం. జర మాఫ్ చెయ్యండి. మీరు గ్రౌండ్‌కు రావద్దు."

జ్యోతికకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరువు తీసిన షాపాయన కంటే, ఆయన ముందు చేతులు జోడించిన తండ్రి మీద ఎక్కువ కోపం వచ్చింది. బూటొకటి కాలితో తన్నితే అది వెళ్లి గడప దగ్గర పడింది.

"ఏంది నాయనా నువ్వు! మనమేం తప్పు చేసినమని దండం పెడుతున్నవ్? రోజూ గీత కాడ నిలబడి టైము చూసింది నువ్వే గదా! నా బిడ్డ ఐదు ఎనిమిదికే ఉరికిందని గట్టిగ చెప్పు!"

జానయ్య జోడించిన చేతులు విప్పకుండానే కూతురి వైపు తిరిగాడు.

"తొలి వారం టైము వస్తలేదని నువ్వు అన్నం మాని ఏడ్చినవ్ బిడ్డా... గప్పటి సంది, నువ్వు మొదటి మలుపు తిరిగినంకనే నేను ఫోన్ల టైము నొక్కుతున్న."