కరిగే కొంగు

ఆ రోజుల్లో బట్టలుతికే పనే లేదు. పొద్దున మీట నొక్కితే గోడలోంచి కొత్త చీర వచ్చేది, స్నానం చేస్తే ఒంటిమీదే కరిగిపోయేది. అయినా నాలుగేళ్ల వెన్నెల నాన్నమ్మ పాత నేతచీర పీలిక పట్టుకుంటేగాని నిద్రపోయేది కాదు. తల్లి శశిరేఖకు కడుపు మండేది. అచ్చం అలాంటి పీలికే గోడలోంచి తెప్పించి ఇస్తే, పిల్ల వాసన చూసి విసిరికొట్టింది.

"కట్టి కట్టి నలిగితేగాని ఆ వాసన రాదమ్మాయ్," అంది అత్తగారు గర్వంగా.

పంతంకొద్దీ శశిరేఖ వారంపాటు స్నానం మానేసి ఒకే చీరతో తిరిగింది. చెమటకు చీర పలచబడింది. ఓ మధ్యాహ్నం పక్కలో పడుకున్న పిల్ల కొంగు లాగితే ముక్క చేతిలోకి ఊడొచ్చింది. వెన్నెల దాన్ని వాసన చూసి, బుగ్గకు ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"తడి తగిలితే కరిగేదేగా! ఎంతసేపులే," అంటూ అత్తగారు మూతి తిప్పుకుంది, తన పీలిక మడతపెడుతూ.

నిజమే, పిల్ల చొంగకు ముక్క కరిగిపోతోంది. శశిరేఖ చప్పుడు కాకుండా కొంగు ఇంకాస్త చింపింది.